పాత పియోనీ కుదుళ్ళు: ఎప్పుడు తవ్వాలి, ఎలా కోయాలి, ఎలా పంచాలి

చలికాలం గట్టిగా ఉండే చోట, పెద్ద పెద్ద పూలు పూసే పియోనీ మొక్కలు పెంచుతున్న పాఠకులు ఈసారి ఎక్కువగా పాత కుదుళ్ళను విడదీయడం గురించే రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. విడిగా చెప్పని చోటల్లా ఏటా నేల మట్టానికి ఎండిపోయి, వసంతంలో మళ్ళీ చిగురించే మామూలు పియోనీ గురించే మాట్లాడుతున్నామని గమనించండి.

ప్రశ్న: మా అత్తగారు నాటిన పియోనీకి ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఒకప్పుడు విరగబూసేదట, ఇప్పుడు నాలుగైదు పూలే. పాతబడింది కాబట్టి తవ్వి విడదీయమంటున్నారు. తప్పదా?

జవాబు: పాతబడిందన్న ఒక్క కారణంతో పియోనీని తవ్వనక్కర్లేదు. దీన్ని మూడు నాలుగేళ్ళకోసారి విడదీయాల్సిన మొక్కల జాబితాలో కలిపేస్తుంటారు. అది పొరపాటు. మంచి చోట పడితే యాభై ఏళ్ళైనా కదిలించకుండా పూస్తుంది, వందేళ్ళు బతికిన కుదుళ్ళూ ఉన్నాయి. అందుకే ముందు పూలు ఎందుకు తగ్గాయో చూడండి.

పాత కుదుళ్ళలో తరచుగా కనిపించే కారణం నీడ. ముప్ఫై ఏళ్ళ కిందట పక్కన నాటిన చిన్న చెట్టు ఇప్పుడు కొమ్మలు చాచి ఉంటుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలకపోతే ఆకులు బాగానే వస్తాయి, పూలు తగ్గిపోతాయి. చెట్ల వేళ్ళు పాదులోకి చొరబడి నీరూ సారమూ లాగేస్తున్నా ఇదే జరుగుతుంది. ఏళ్ళ తరబడి పైన పోసిన కంపోస్టు, కప్పిన చెత్త పేరుకుని కళ్ళు, అంటే నేలలోపల మొలకలు వచ్చే మొగ్గలు, లోతుకు పోవడం రెండో కారణం. పక్కనున్న పచ్చికకు చల్లే నత్రజని ఎరువు దీనికీ అందుతుండటం మూడోది. పూలు అయిపోగానే ఆకులు కోసేసే అలవాటు ఉంటే అదీ మానుకోండి. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన ఆహారాన్ని వేళ్ళలో దాచేది ఆ ఆకులే.

పేరుకున్న మట్టి తొలగించడం, కొమ్మలు కొట్టి ఎండ రానివ్వడం వంటి వాటితో సరిపోతుందనుకుంటే ఒకటి రెండేళ్ళు ఆగి చూడండి. చోటు మార్చక తప్పని నీడ అయినా, నడుమ భాగం చచ్చిపోయి చుట్టూ మాత్రమే కాడలు వస్తున్నా, మీరు ఇతరులకు ఇవ్వదలచుకున్నా అప్పుడు తవ్వండి. పంచడమే విడదీయడానికి అన్నిటికంటే మంచి కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: వసంతంలో మొలకలు కనిపిస్తున్నప్పుడే తవ్వితే ఎక్కడ కోయాలో తెలుస్తుంది కదా? శరదృతువులోనే చేయమని ఎందుకంటారు?

జవాబు: వేసవి చివరికల్లా వచ్చే ఏటి మొలకలు నేలలోపలే కళ్ళుగా తయారై ఉంటాయి. కాబట్టి ఎక్కడ కోయాలో శరత్తులోనూ స్పష్టంగానే తెలుస్తుంది. అసలు విషయం వేళ్ళది. పైన ఆకులు వాడిపోతున్న సమయంలోనే, చల్లబడుతున్న మట్టిలో, నీటిని పీల్చే సన్నని పీచు వేళ్ళు కొత్తగా పుడతాయి. అప్పుడు నాటిన ముక్క మంచు బిగిసేలోపు కుదురుకుంటుంది. వసంతంలో తవ్వితే లావు వేళ్ళలో ఉన్న ఆహారమంతా కాడలూ ఆకులూ వేయడానికే ఖర్చవుతుంది. నీళ్ళందించే పీచు వేళ్ళు మాత్రం తెగిపోయి ఉంటాయి. ఎండ ముదరగానే మొక్క వాలిపోతుంది, బతికినా ఏడాది రెండేళ్ళు వెనకబడుతుంది.

ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు, దక్షిణార్ధగోళంలో మార్చి చివరి నుంచి మే దాకా అనువైనవి. నెల పేరు కంటే ఒక లెక్క ముఖ్యం: నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు నాటడం పూర్తవాలి. ఇల్లు మారడం వల్లనో, ఆ చోట కట్టడం లేస్తున్నందువల్లనో వసంతంలో తీయక తప్పకపోతే విడదీయకండి. మట్టితో సహా పెద్ద గడ్డగా లేపి, ముక్కలు చేయకుండా కొత్త చోట పెట్టండి. విడదీసే పని శరత్తుకు వాయిదా వేయండి.

ప్రశ్న: తవ్వడం దగ్గర నుంచి కోయడం దాకా వరుసగా చెప్పగలరా? పోయినసారి ప్రయత్నిస్తే వేళ్ళన్నీ పెళపెళా విరిగిపోయాయి.

జవాబు: పియోనీ లావు వేళ్ళు తాజాగా నేల నుంచి వచ్చినప్పుడు పచ్చి చిలగడదుంపలా పెళుసుగా ఉంటాయి. కాడ పట్టుకుని లాగినా, గడ్డను నేల మీద దబ్బున పడేసినా విరుగుతాయి. అందుకే ఈ పనిలో కత్తి కంటే ఓపిక ముఖ్యం.

ముందుగా కాడలను నేల నుంచి వేలెడంత, అంటే 6–8 సెంటీమీటర్లు వదిలి కోసేయండి. ఆ మోళ్ళు కళ్ళు ఎక్కడున్నాయో చూపిస్తాయి, కానీ లేపడానికి పట్టుకొమ్మలు కావు. కాడల గుంపు అంచు నుంచి 25–30 సెంటీమీటర్ల దూరంలో గుండ్రంగా పార దించుతూ రండి. పాత కుదురు వేళ్ళు అర మీటరు లోతుకు పోయి ఉండవచ్చు. కాబట్టి ఒక వైపు నుంచే ఎత్తకుండా, చుట్టూ కొద్దికొద్దిగా కదుపుతూ, అడుగున పార ఏటవాలుగా పోనిచ్చి వదులు చేయండి. పెద్ద కుదురు మట్టితో కలిపి ఒక్కరి వల్ల లేవదు. ఇద్దరు చెరోవైపు పార పెట్టి గోనెపట్టా మీదికి దొర్లించాలి. చివర్లు కొన్ని తెగుతాయి, దానికి బెంగపడకండి.

తర్వాత పైపు నీళ్ళతో మట్టి మొత్తం పోయేదాకా కడగండి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్ళే తప్పు చోట కోస్తారు. మట్టి పోయాక కాడలూ వేళ్ళూ కలిసే చోట గట్టి కర్రలాంటి ముద్ద కనిపిస్తుంది. దాన్ని ఇకపై తల అందాం. పాత మోళ్ళ మొదట్లో, తలను అంటిపెట్టుకుని గులాబీ రంగులోనో, ఎరుపులోనో, కొన్ని రకాల్లో తెల్లగానో కొనదేలిన మొగ్గలుంటాయి. అవే కళ్ళు. కొన్ని చిటికెన వేలి కొసంత ఉంటాయి, కొన్ని బియ్యపు గింజంత ఉండి మడతల్లో దాక్కుంటాయి. కత్తి పట్టేముందు అన్ని వైపులా తిప్పి లెక్కపెట్టుకోండి.

కడిగిన గడ్డను వెంటనే కోయకుండా నీడలో రెండు మూడు గంటలు వదిలేయండి. లావు వేళ్ళలోని బిగువు కాస్త తగ్గి కొద్దిగా వంగుతాయి. పోయినసారి మీకు వేళ్ళు విరగడానికి ఇది చేయకపోవడమే కారణమై ఉండవచ్చు. ఎండలో మాత్రం పెట్టకండి.

కోతకు గట్టి, పదునైన కత్తి కావాలి. తల బాగా ముదిరి ఉంటే చిన్న రంపం మేలు. ఒక కుదురు పూర్తయి మరో కుదురు ముట్టుకునే ముందు పనిముట్టును 70 శాతం స్పిరిట్‌తో తుడవండి, లేదా ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీరు కలిపిన ద్రావణంలో ముంచి కడగండి. తలను చూస్తే సహజంగానే సన్నబడిన చోట్లు, పగుళ్ళు కనిపిస్తాయి. అక్కడ మొదలుపెట్టండి. ప్రతి కోతకు ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వైపు మిగిలే కళ్ళకు కింద వేళ్ళున్నాయా? ఒక వైపు కళ్ళన్నీ, మరో వైపు వేళ్ళన్నీ పోయేలా అడ్డంగా కోస్తే రెండూ పనికిరావు. చిక్కుపడిన వేళ్ళను బలంగా లాగకుండా, తక్కువ విలువైన వేరును కోసి విడిపించండి.

ముక్కలయ్యాక లావు వేళ్ళను 10–15 సెంటీమీటర్లకు కత్తిరించండి. పొడుగు వేళ్ళను గుంతలో వంచి కుక్కితే విరిగిన చోట కుళ్ళుతాయి. కురచగా, శుభ్రంగా కోసిన వేరు నుంచి కొత్త పీచు వేళ్ళు బాగా వస్తాయి. కోత గాయాలు ఆరడానికి కొన్ని గంటలు, కావాలంటే రాత్రంతా నీడలో ఉంచి నాటవచ్చు.

ప్రశ్న: ఒక్కో ముక్కకు ఎన్ని కళ్ళుండాలి? నేను పదిహేను మందికి ఇస్తానని మాటిచ్చాను.

జవాబు: మూడు నుంచి ఐదు కళ్ళు, వాటికి తగ్గట్టు కనీసం రెండు మూడు పెన్సిల్ లావు వేళ్ళు. ఇది తగ్గించకండి. ఒకటి రెండు కళ్ళున్న ముక్క చచ్చిపోదు, కానీ పూయడానికి నాలుగైదేళ్ళు పట్టవచ్చు. అది తీసుకున్నవాళ్ళు మధ్యలోనే విసిగి పీకేస్తారు. అలాగని పది కళ్ళతో పెద్ద ముక్క ఇవ్వడమూ మంచిది కాదు. అంత పెద్ద తలకు పాత వేళ్ళతో పూట గడిచిపోతుంది కాబట్టి కొత్త వేళ్ళు వేయడంలో అది బద్ధకిస్తుంది.

పాతిక కళ్ళున్న కుదురు నుంచి మంచి ముక్కలు ఐదో ఆరో వస్తాయి. అంతకంటే ఎక్కువ మందికి మాటిచ్చి ఉంటే, కొందరికి ఈ ఏడు ఇచ్చి, మిగిలినవాళ్ళకు మీరు ఉంచుకున్న ముక్కలు నాలుగైదేళ్ళు పెరిగాక ఇవ్వండి. ఆలస్యమైనా పూసే మొక్క ఇవ్వడమే మర్యాద. ఒంటి కన్ను ముక్కలు మిగిలితే మీ పెరట్లోనే ఓ మూల నారుమడిలా నాటి, బలపడ్డాక పంచండి.

కన్ను లేని వేరు ముక్కల గురించి చాలామంది అడిగారు. తోటల్లో ఎక్కువగా ఉండే లాక్టిఫ్లోరా జాతిలో కళ్ళు లేని వేరు సాధారణంగా మొలవదు. ఏళ్ళ తరబడి నేలలో అలాగే ఉండి చివరికి కుళ్ళుతుంది. అఫిసినాలిస్ జాతి, దాని సంకరాలు కొన్ని మాత్రం ఉత్త వేరు మీదా కొత్త మొగ్గలు వేయగలవు. మొక్కను తీసేసిన చోట రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొలకలు వస్తున్నాయని రాసిన పాఠకురాలి తోటలో ఉన్నది అలాంటిదే అయివుంటుంది.

ప్రశ్న: కడిగి చూస్తే నడుమ బోలుగా, నల్లగా ఉంది. కొన్ని వేళ్ళకు ఉబ్బులున్నాయి. ఇవి ఇతరులకు ఇవ్వొచ్చా?

జవాబు: నడుమ బోలు కావడం పాత కుదుళ్ళలో మామూలే. మెత్తబడిన, నల్లబడిన భాగాన్ని తెల్లగా, గట్టిగా ఉండే కండ తగిలేదాకా చెక్కేయండి. అలా చెక్కగా మిగిలిన ముక్కకు మూడు కళ్ళు, మంచి వేళ్ళు ఉంటే ఇవ్వవచ్చు. వేలితో నొక్కితే లోపలికి పోయేదీ, దుర్వాసన వచ్చేదీ పారేయండి.

ఉబ్బుల సంగతి వేరు. లావు వేరు మధ్యలో సహజంగా ఉండే బుడిపెలు భయపడాల్సినవి కావు. సన్నని పీచు వేళ్ళ మీద పూసల్లా వరసగా గడ్డలుంటే మాత్రం నులిపురుగుల పని అని అనుమానించాలి. మొక్క గిడసబారి, కాడలు సన్నగా వస్తుంటే అనుమానం బలపడుతుంది. ఆకుల మీద పసుపు పచ్చని వలయాలు, చారలు కనిపించి ఉంటే అది వైరస్ కావచ్చు. మొక్కకు సోకిన వైరస్‌కు మందు లేదు, విడదీసిన ప్రతి ముక్కతోనూ వెళ్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఎవరికీ ఇవ్వకండి. స్నేహితుల తోటలోకి మన చేతులతో తెగులు పంపడం కంటే ఇవ్వలేకపోతున్నామని చెప్పడం మేలు.

వసంతంలో లేత కాడలు మొదట్లో నల్లబడి వాలిపోవడం, మొగ్గలు చిన్నగా ఉండగానే మాడిపోవడం, వాటి మీద బూడిద రంగు బూజు కనిపించడం బొట్రైటిస్ తెగులు లక్షణాలు. ఇది ఉన్నంత మాత్రాన కుదురును వదులుకోనక్కర్లేదు. బూజు పట్టిన కాడలను, శరత్తులో కోసిన ఆకులన్నిటినీ కంపోస్టులో వేయకుండా తోట బయట పారేయండి. ముక్కలు శుభ్రంగా కడిగి, గాలి ఆడే కొత్త చోట నాటండి.

ప్రశ్న: కొత్త చోట నాటేటప్పుడు లోతు గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

జవాబు: కన్ను కొస మీద మట్టి 2.5 నుంచి 5 సెంటీమీటర్లు. శీతాకాలం అంత తీవ్రంగా లేని చోట 2 సెంటీమీటర్లు చాలు, ఎందుకంటే కళ్ళకు చలి తగలాలి. పియోనీ నిద్ర తీరడానికి వారాల తరబడి 5 డిగ్రీల లోపు చలి కావాలి. రకాన్ని బట్టి సుమారు 500 నుంచి 1000 గంటలని లెక్క. ఇంకా లోతుగా పాతితే మొక్క చక్కగా ఆకులేస్తుంది, పూయదు. పూయని పియోనీల గురించి వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఈ లోతు దగ్గరే తేలుతుంటాయి.

ఎందుకు తప్పుతుందంటే, నాటిన రోజు లోతు సరిగ్గానే ఉంటుంది. కానీ కొత్తగా తవ్విన గుంతలో మట్టి వదులుగా ఉండి, రెండు వానలకు అణిగి, మొక్కను తనతో పాటు కిందికి దించేస్తుంది. అందుకే 45 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంత తవ్వి, బాగా చివికిన కంపోస్టు కలిపిన మట్టిని సగానికి పైగా నింపి, కాలితో తొక్కి, నీళ్ళు పోసి అణగనివ్వండి. వీలైతే ఈ పని ముక్కలు కోయడానికి వారం ముందే చేయండి. నాటే రోజు గుంత మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, కర్ర నుంచి కన్ను కొసకు ఎంతుందో స్కేలుతో కొలవండి. కళ్ళు పైకి చూస్తూ ఉండాలి. వేళ్ళ మధ్య ఖాళీ మిగలకుండా చేత్తో మట్టి కూరండి. ఒక బకెట్ నీళ్ళు నెమ్మదిగా పోసి, ఇంకినాక మళ్ళీ కొలవండి.

పచ్చి పశువుల ఎరువు గుంతలో వద్దు, వేళ్ళు కుళ్ళిపోతాయి. నీరు నిలిచే నేల వద్దు. నేల పులుపుదనాన్ని చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) 6.5 నుంచి 7 మధ్య ఉంటే మంచిది. మొక్కకూ మొక్కకూ మీటరు దూరం ఇవ్వండి. పాత పియోనీ తీసిన గుంతలోనే దాని ముక్కను తిరిగి నాటకండి. పాత వేళ్ళ మిగులూ, తెగులు బీజాలూ అక్కడే ఉంటాయి. వేరే చోటు లేకపోతే ఆ గుంతలోని మట్టి మొత్తం తీసి, తోటలో మరో మూల మట్టితో నింపండి.

మొదటి శీతాకాలం మాత్రం పైన ఎండుగడ్డో, ఎండాకులో 5–8 సెంటీమీటర్ల మందాన కప్పాలి. చలి నుంచి కాపాడటానికి కాదు. నేల గడ్డకడుతూ కరుగుతూ ఉంటే ఇంకా వేళ్ళు పట్టని ముక్క పైకి తన్నుకొస్తుంది, అది జరగకుండా. మొలకలు కనిపించే వేళకు ఆ కప్పు పూర్తిగా తీసేయండి.

ప్రశ్న: వేరే ఊళ్ళో ఉన్న అక్కకు పార్సిల్లో పంపాలి. ఎండిపోకుండా ఎలా కట్టాలి?

జవాబు: ఎండిపోవడం కంటే తడి ఎక్కువై బూజు పట్టడమే ఎక్కువ జరుగుతుంది. కోత గాయాలు పూర్తిగా ఆరాకే కట్టండి. రంపపు పొట్టునో, పీట్ నాచునో, చింపిన న్యూస్‌పేపరునో తడిపి, గట్టిగా పిండి, చుక్క కారకుండా అయ్యాక ముక్క చుట్టూ పెట్టండి. నాలుగైదు చిల్లులున్న ప్లాస్టిక్ సంచిలో వేసి, కళ్ళకు దెబ్బ తగలకుండా గట్టి అట్టపెట్టెలో కదలకుండా అమర్చండి. చేరాక వెంటనే నాటలేకపోతే ఫ్రిజ్‌లో 1–4 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచవచ్చు. అదే అరలో ఆపిల్, అరటి వంటివి పెట్టవద్దు, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కళ్ళను పాడుచేస్తుంది.

ప్రతి ముక్కకూ చీటీ కట్టండి. పెన్సిల్ రాత తడికి చెరగదు. రకం పేరు తెలియకపోతే ఊహించి రాయవద్దు. తెల్లని పాత ముద్దపువ్వుల్లో ఎర్రటి చుక్కలు కనిపించగానే ఫెస్టివా మాక్సిమా అని రాసేస్తుంటారు. 1851 నాటి ఆ రకం నిజంగానే చాలా తోటల్లో ఉంది, కానీ అలాంటి పువ్వు పూసేది అదొక్కటే కాదు. రంగు, పూసే వారం, ఎత్తు, ఎవరి తోటదో రాసి, పువ్వు ఫొటో ఒకటి జతచేస్తే చాలు.

దేశం దాటించాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, మట్టి అంటిన వేళ్ళను చాలా దేశాలు రానివ్వవు. ముందే కనుక్కోండి. కొత్త రకాల్లో కొన్నిటికి పేటెంట్ ఉంటుంది. అది చెల్లుతున్నంత కాలం ముక్కలు చేసి పంచడం కుదరదు. తరాల నాటి పాత రకాలకు ఆ బాధ లేదు.

ప్రశ్న: నాటి రెండేళ్ళయింది. పువ్వు లేదు. తవ్వి చూడమంటారా?

జవాబు: వద్దండీ. తవ్వితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మొదటి ఏడు ఒకటి నుంచి మూడు పొట్టి కాడలు రావడం మామూలే. మొగ్గ వస్తే బఠాణీ గింజంత ఉన్నప్పుడే తుంచేయండి, ఆ బలం వేళ్ళకు పోతుంది. రెండో ఏడు ఒకటి రెండు పూలు రావచ్చు, రాకపోవచ్చు. మూడో ఏటి నుంచే అసలు పూత. కాడల సంఖ్య ఏటా పెరుగుతుంటే మొక్క సరైన దారిలోనే ఉంది. నాలుగో ఏడు కూడా ఆకులు దట్టంగా ఉండి మొగ్గే రాకపోతే, కన్ను మీద మట్టిని వేళ్ళతో మెల్లగా తీసి లోతు కొలవండి. మొక్కను కదిలించకుండా, ఎక్కువున్న మట్టిని పైనుంచి తీసేసినా చాలాసార్లు సరిపోతుంది.

ప్రశ్న: మొగ్గల నిండా చీమలు. వాటితో సహా పక్కింటివాళ్ళకు ఇస్తే వాళ్ళ తోటకూ పడతాయేమో?

జవాబు: చీమలు మొగ్గల మీద ఊరే తీపి రసం కోసం వస్తాయి. మొక్కకు హాని లేదు, అవి లేకపోయినా పువ్వు విచ్చుకుంటుంది. మందు కొట్టవద్దు. పైగా విడదీసేది శరత్తులో కాబట్టి అప్పటికి మొగ్గలూ ఉండవు, చీమలూ ఉండవు.

ప్రశ్న: చెట్టు పియోనీని, ఇతో రకాన్ని కూడా ఇలాగే విడదీయవచ్చా?

జవాబు: చెట్టు పియోనీ, అంటే కాడలు కర్రగా మారి శీతాకాలంలోనూ ఎండిపోకుండా నిలిచే రకం, వద్దు. అమ్మకానికి వచ్చేవి చాలావరకు మామూలు పియోనీ వేరు మీద అంటు కట్టినవి. అంటు 10–15 సెంటీమీటర్లు లోతుకు పోయేలా నాటి ఉంటే, ఏళ్ళు గడిచాక పై కొమ్మ సొంత వేళ్ళు వేస్తుంది. అలా సొంత వేళ్ళున్న పిలకను మాత్రమే వేరు చేయవచ్చు. మొదట్లోంచి వేరే ఆకారం ఆకులతో మెత్తని కాడలు వస్తుంటే అవి అంటు కింది వేరువి. వాటిని పంచకండి, మొదలంటా తీసేయండి.

ఇతో రకాలు ఈ రెంటి సంకరం. జపాన్‌లో తోయిచి ఇతో 1948లో ఈ సంకరం సాధించారు, ఆ మొక్కలు పూసేనాటికి ఆయన జీవించి లేరు. వీటిని విడదీయవచ్చు, కానీ తల చెక్కలా గట్టిగా ఉంటుంది. కత్తి ఆనదు, రంపం కావాలి. వీటికి కళ్ళు నేలలోనే కాక, కాడల మొదట్లో నేల పైనా వస్తాయి. కాబట్టి శరత్తులో కాడలను మరీ మట్టం దాకా కోయకుండా 10–15 సెంటీమీటర్లు వదలండి. పైకి కనిపించే కళ్ళను లెక్కలోకి తీసుకోకుండా, తల మీదున్న కళ్ళు మూడు, వాటి కింద వేళ్ళు ఉన్నాయని చూసుకున్నాకే కోయండి. నాటి నాలుగైదేళ్ళు కూడా కాని ఇతో కుదురును ముట్టుకోవద్దు, ముక్కలన్నీ బలహీనంగానే వస్తాయి.